అయర్టన్ సెన్నా

వేగమంటే మనిషికి మొదటినుంచీ మక్కువ. కాలినడకన తిరిగిన మానవుడు గుర్రాన్ని మచ్చిక చేసుకొన్నాడు. బండికి చక్రాలు అమర్చుకొన్నాడు. ఆవిరితోనూ, ఆపైన చమురుతోనూ నడిచే వాహనాలు కనిపెట్టాడు. మోటారు కారు పుట్టిన కొద్ది సంవత్సరాలకే కార్ల పందేలు కూడా పుట్టాయి. వాటిలో మిక్కిలి పేరు పొందినది ఫార్ములా వన్ పందెం. ఒక్క మనిషి మాత్రమే కూర్చోగల, పైకప్పు లేని కార్లు ఇందులో పాల్గొంటాయి. అవి గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తుతాయి. 1950వ సంవత్సరం నుంచి ఏటా వివిధ దేశాలలో ఈ పందేలు జరుపుతూ, వాటిలో సంపాదించిన పాయింట్ల ఆధారంగా ప్రపంచ విజేతను ప్రకటిస్తున్నారు.

ఇంత వేగంలో రెప్పపాటు ఏమరుపాటు కూడా ప్రాణాల మీదికి తెస్తుంది. పూర్వం పందెంలో డ్రైవరు మరణిస్తే అది అతని తలరాత అని చాలామంది సరిపెట్టుకొనేవారు. ప్రమాదాలలో చాలావాటికి కారణం తలరాత కాదని, మనుషులు సరిదిద్దగలిగిన లోపాలేనని లోకం గ్రహించడానికి ఎంతోమంది ప్రాణాలు బలి కావలసి వచ్చింది. అలా బలి అయినవారిలో ఒకడు, తోటి డ్రైవరు మరణాన్ని చూసి మరునాడే భద్రతకోసం అందరినీ కూడగట్టబోయినవాడు, బ్రెజిల్ దేశానికి చెందిన అయర్టన్ సెన్నా.

సెన్నా 1960 మార్చి 21వ తేదీన బ్రెజిల్‌లోని సావోపాలో నగరంలో జన్మించాడు. తండ్రి మిల్టన్ డ సిల్వా సంపన్నుడైన వ్యాపారి. తల్లి నేయిడె. అక్క వివియాన్, తమ్ముడు లియొనార్డొ. డ సిల్వా అనే ఇంటిపేరు బ్రెజిల్‌లో చాలామందికి ఉంటుంది. అందుచేత అతడు పెద్దయిన తర్వాత తల్లి పుట్టింటి పేరైన సెన్నానే తన పేరుగా వాడుకొన్నాడు. చిన్నతనంలో అతని అడుగులు తడబడేవి. మెట్లు ఎక్కడానికి కూడా ఇబ్బంది పడేవాడు. కాని నాలుగేళ్ల వయస్సులో తండ్రి గడ్డి కోసే యంత్రపు ఇంజనుతో ఒక బుల్లి కారు తయారుచేసి ఇచ్చాడు. దానిలో కూర్చోగానే ఆ పిల్లవాని తడబాటు మాయమయ్యేది. చక్రం చేతపట్టిన క్షణంనుంచి అతడు మరో మనిషి అయ్యేవాడు.

పదమూడో ఏట అతడు కార్టు అనే చిన్న బండ్ల పందేలలో పాల్గొనడం ఆరంభించాడు. వానలో నడపవలసి వచ్చిన తొలి పందెంలో బాగా వెనుకబడిపోయాడు. ఇతర పిల్లలైతే వానను నిందించి ఊరుకొనేవారు. సెన్నా అలా చేయలేదు. ఆనాటినుంచి వాన కురిసినప్పుడల్లా కార్టు తీసుకొని బయలుదేరి, నేల తడి ఆరేదాకా సాధన చేసేవాడు. తర్వాతికాలంలో తడి బాటమీద అతన్ని మించినవాడు లేడని లోకం మెచ్చుకొన్నది. ఆ నైపుణ్యం వెనుక ఇటువంటి కఠోర సాధన ఉన్నది.

1981లో అతడు ఇంగ్లండు వెళ్లి అక్కడి పందేలలో గెలుపొందాడు. తండ్రి కోరికమీద స్వదేశానికి తిరిగివచ్చి వ్యాపారంలో అడుగుపెట్టాడు కాని, మనసు అందులో నిలువలేదు. తండ్రి కూడా కుమారుని మనసు తెలుసుకొని అనుమతించాడు. 1984లో ఫార్ములా వన్ పందేలలో అతనికి ప్రవేశం లభించింది. ఆ ఏడాది మొనాకోలో కుండపోత వానలో, అంతగా పేరులేని టోల్‌మన్ జట్టు కారుతో రెండోస్థానం పొంది అందరినీ ఆశ్చర్యపరిచాడు. 1985 ఏప్రిల్‌లో పోర్చుగల్ దేశంలో, మళ్లీ వానలోనే, తొలి విజయం సాధించాడు. 1988, 1990, 1991 సంవత్సరాలలో మెక్‌లారెన్ జట్టు తరఫున ప్రపంచ విజేత అయ్యాడు. మొత్తంమీద 41 పందేలు గెలిచాడు. మొనాకో పందెం ఒక్కటే ఆరుసార్లు గెలిచాడు.

బ్రెజిల్ ప్రజలకు అవి గడ్డురోజులు. ధరలు ఆకాశాన్ని అంటుతూ బతుకు భారమైన కాలం. ఆదివారంనాడు తమవాడు గెలిచి, జాతీయపతాకాన్ని కారులోనుంచి ఎత్తి చూపుతుంటే ప్రజలు తమ కష్టాలు కాసేపు మరచిపోయేవారు. పసుపు రంగు మీద ఆకుపచ్చ, నీలం చారలు గల అతని హెల్మెట్ ఆ దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1991లో సొంతవూరైన సావోపాలోలో పందెం ముగియవస్తున్న సమయంలో అతని కారు గేర్లు పనిచేయడం మానేశాయి. ఉన్న ఒక్క గేరుతోనే అతడు పందెం ముగించి గెలిచాడు. అలసటచేత బహుమతి పాత్రను పైకెత్తడానికి కూడా అతడు ఎంతో కష్టపడ్డాడు.

అయితే సెన్నా ఏ తప్పూ చేయనివాడు కాడు. గెలవాలనే పట్టుదల ఒక్కొక్కప్పుడు అతన్ని దారి తప్పించింది. ఫ్రాన్స్ దేశానికి చెందిన అలెన్ ప్రోస్ట్ అతనికి గట్టి ప్రత్యర్థి. 1990లో జపాన్‌లోని సుజుకా పందెంలో మొదటి మలుపు దగ్గరే సెన్నా కారు ప్రోస్ట్ కారును ఢీకొన్నది. రెండు కార్లూ బాట వదలి ఇసుకలో ఆగిపోయాయి. ఆ విధంగా పాయింట్లలో ముందున్న సెన్నాకు ప్రపంచ విజేత బిరుదు దక్కింది. తాను ప్రోస్ట్‌కు దారి ఇవ్వకూడదని ముందే నిశ్చయించుకొన్నట్లు ఏడాది తర్వాత అతడే ఒప్పుకొన్నాడు. ఆ వేగంలో అటువంటి పని ఇద్దరి ప్రాణాలనూ తీసి ఉండేది. ఎంత గొప్పవాడు చేసినా తప్పు తప్పే.

అదే సెన్నాలో మరొక మనిషి కూడా ఉన్నాడు. సుజుకా ఘటనకు కొన్ని వారాల ముందు, 1990 సెప్టెంబరులో, స్పెయిన్‌లోని హెరెస్‌లో మార్టిన్ డానెలీ అనే డ్రైవరు కారు గోడను ఢీకొని ముక్కలైంది. డానెలీ కూర్చున్న ఆసనంతోసహా బాటమీదికి విసిరివేయబడ్డాడు. ఇతర డ్రైవర్లు అటువైపు చూడడానికే జంకారు. సెన్నా మాత్రం అక్కడికి వెళ్లి, వైద్యులు అతన్ని బతికించడానికి ఏమేమి చేస్తున్నారో దగ్గరగా నిలబడి గమనించాడు. డానెలీ ప్రాణాలతో బయటపడ్డాడు. ఆనాడు చూచినది సెన్నా మరచిపోలేదు.

1992 ఆగస్టులో బెల్జియంలోని స్పా బాటమీద సాధన జరుగుతున్నది. ఎరిక్ కోమాస్ అనే ఫ్రెంచి డ్రైవరు కారు ఒక వేగవంతమైన మలుపులో గోడను ఢీకొని బాట మధ్యకు వచ్చి ఆగింది. కోమాస్ స్పృహ తప్పాడు. కారు ఇంజను మాత్రం ఇంకా గట్టిగా మోగుతూనే ఉన్నది. ఏ క్షణంలోనైనా నిప్పు అంటుకొనవచ్చు. వెనుకనుంచి వచ్చిన సెన్నా తన కారు ఆపి కిందికి దూకాడు. ఇంకా కార్లు వస్తూనే ఉన్న ఆ బాటమీద పరుగెత్తి, కోమాస్ కారు ఇంజనును ఆపివేశాడు. వైద్యులు వచ్చేదాకా అతని తల కదలకుండా చేతులతో పట్టుకొని నిలిచాడు. మెడ ఎముక దెబ్బతిన్నవాని తల కదిలితే ప్రాణానికే ముప్పు. కోమాస్ బతికాడు. తన ప్రాణం నిలిపినవాడు సెన్నా అని ఆ తర్వాత ఎన్నోసార్లు కృతజ్ఞతతో చెప్పుకొన్నాడు.

1994లో సెన్నా విలియమ్స్ జట్టులో చేరాడు. ఆ సంవత్సరం కారును అదుపులో ఉంచడానికి తోడ్పడే ఎలక్ట్రానిక్ పరికరాలను నియమాలద్వారా నిషేధించారు. పరికరాలు తీసివేశారు కాని వేగం తగ్గలేదు. కార్లు అదుపు తప్పే ప్రమాదం పెరిగింది. ఏప్రిల్ చివరివారంలో ఇటలీలోని ఇమోలాలో పందెం ఏర్పాటైంది. ఇరవైతొమ్మిదో తేదీ శుక్రవారంనాడు సాధనలో రూబెన్స్ బారికెలో అనే బ్రెజిల్ యువకుని కారు గాలిలోకి లేచి అడ్డుకంచెను తాకింది. అతడు స్పృహ వచ్చి కళ్లు తెరిచేసరికి పక్కన సెన్నా ఉన్నాడు. ఆ యువకునికి ముక్కు ఎముక విరగడంతో గండం గడిచింది.

మరునాడు అంతటి అదృష్టం లేకపోయింది. రోలాండ్ రాట్జెన్‌బర్గర్ ఆస్ట్రియా దేశంలోని సాల్జ్‌బర్గ్‌కు చెందినవాడు. ఎన్నో ఏళ్లు శ్రమించి 33 ఏళ్ల వయస్సులో ఫార్ములా వన్‌లో చోటు సంపాదించాడు. అతని జట్టు చిన్నది, ధనబలం తక్కువ. కారును నేలకు అదిమి ఉంచే ముందు రెక్క విరిగిపోవడంతో, గంటకు 300 కిలోమీటర్లకు పైబడిన వేగంతో అతని కారు గోడను ఢీకొన్నది. రాట్జెన్‌బర్గర్ మరణించాడు. ఫార్ములా వన్ పందేల సందర్భంలో అటువంటి మరణం సంభవించి అప్పటికి 12 సంవత్సరాలైంది. కొత్తగా వచ్చిన డ్రైవర్లలో చాలామంది పందెంలో మృత్యువును చూడనే లేదు.

సెన్నా అధికారుల కారు ఒకటి తీసుకొని ప్రమాదస్థలానికి వెళ్లాడు. అనుమతి లేకుండా అలా వెళ్లినందుకు నిర్వాహకులు అతన్ని పిలిపించి ప్రశ్నించారు. పందేల వైద్యబృందానికి అధిపతి డాక్టర్ సిడ్ వాట్కిన్స్ సెన్నాకు ఆప్తమిత్రుడు. రాట్జెన్‌బర్గర్ మరణవార్త చెప్పినది ఆయనే. సెన్నా ఆయన భుజంమీద తల ఆనించి విలపించాడు. సాధించవలసినదంతా సాధించావు, ఇక పందేలు మానుకొమ్మని వాట్కిన్స్ హితవు చెప్పాడు. కొన్ని విషయాలు తన చేతిలో లేవని, తాను మానలేనని సెన్నా బదులు పలికాడు.

మే 1వ తేదీ ఆదివారం ఉదయం సెన్నా చేసిన పని మనం ముఖ్యంగా తెలుసుకోవలసినది. డ్రైవర్ల భద్రతకోసం 1961లో ఒక సంఘం ఏర్పడింది. బాట పక్కన సరైన కంచెలు వేయాలనీ, భద్రతకు తగిన ఏర్పాట్లు ఉండాలనీ అది పోరాడింది. 1982లో ఆ సంఘం మూతపడింది. ఆ తర్వాత డ్రైవర్ల పక్షాన కలిసికట్టుగా మాట్లాడేవారు లేకపోయారు. ఆ సంఘాన్ని తిరిగి స్థాపించాలని సెన్నా ఆ ఉదయం తోటి డ్రైవర్లతో చర్చించాడు. అప్పటికే పందేలనుంచి విరమించిన పాత ప్రత్యర్థి ప్రోస్ట్‌తోనూ స్నేహంగా మాట్లాడాడు. తర్వాతి పందెం జరిగే మొనాకోలో అందరూ సమావేశమవుదామని నిర్ణయించుకొన్నారు. ఆ సమావేశానికి సెన్నా రాలేకపోయాడు.

ఆనాటి మధ్యాహ్నం పందెం మొదలైంది. ఏడో చుట్టులో, అందరికంటె ముందు వెళుతున్న సెన్నా కారు తాంబురెల్లో అనే మలుపులో తిరగక సూటిగా పోయి కాంక్రీటు గోడను ఢీకొన్నది. ఊడివచ్చిన చక్రపు భాగం హెల్మెట్‌ను ఛేదించి అతని తలకు తగిలింది. బొలోనా నగరంలోని ఆసుపత్రిలో ఆ సాయంకాలం అతడు మరణించినట్లు ప్రకటించారు. అప్పటికి అతని వయస్సు 34 సంవత్సరాలు. శిథిలమైన కారులో మడిచిపెట్టిన ఆస్ట్రియా జెండా ఒకటి దొరికింది. గెలిస్తే ఆనాడు తన దేశపు జెండాకు బదులు రాట్జెన్‌బర్గర్ దేశపు జెండాను ఎగురవేసి, ఆ తోటివానికి నివాళి అర్పించాలని సెన్నా తలచాడు.

బ్రెజిల్ ప్రభుత్వం మూడురోజులు సంతాపదినాలుగా ప్రకటించింది. సావోపాలో వీధులు జనసముద్రాలయ్యాయి. శవపేటికను మోసినవారిలో ప్రోస్ట్ కూడా ఉన్నాడు. సాల్జ్‌బర్గ్‌లో జరిగిన రాట్జెన్‌బర్గర్ అంత్యక్రియలకు అంత జనం లేరు. మోటారు పందేల అంతర్జాతీయ సంస్థ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ మాత్రం అక్కడికే వెళ్లాడు. ప్రసిద్ధునిదైనా, సామాన్యునిదైనా ప్రాణం విలువ ఒక్కటే కదా!

ఈ మరణాలకు బాధ్యులెవరు? ఇటలీ న్యాయస్థానాలలో ఈ ప్రశ్నమీద ఏళ్ల తరబడి విచారణ జరిగింది. కారులో తనకు చోటు ఇరుకుగా ఉన్నదని సెన్నా చెప్పగా స్టీరింగు కడ్డీని కోసి, సన్నని గొట్టంతో అతికించారు. ఆ కడ్డీ విరగడంవల్లనే ప్రమాదం జరిగిందని కొందరు, కారు అడుగు నేలకు తగిలి జారిందని మరికొందరు వాదించారు. 1997లో కింది కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. 2007లో అత్యున్నత న్యాయస్థానం కడ్డీ మార్పులో లోపం ఉన్నదని అభిప్రాయపడింది. కాని అప్పటికి గడువు దాటిపోవడంవల్ల ఎవరికీ శిక్ష పడలేదు.

కడ్డీ సంగతి అలా ఉంచితే, గోడ సంగతి కూడా ఆలోచించవలసినదే. అదే తాంబురెల్లో మలుపులో 1987లో నెల్సన్ పికే కారు గోడను ఢీకొన్నది. 1989లో గెర్హార్డ్ బెర్గర్ కారు గోడకు తగిలి మంటల్లో చిక్కుకొన్నది. ఇద్దరూ బతికారు. బెర్గర్, సెన్నా మంచి మిత్రులు. ఆ గోడను వెనక్కు జరపవచ్చునేమోనని వారిద్దరూ వెళ్లి చూస్తే, గోడ వెనుకనే నది పారుతున్నది. చేయగలిగినది ఏమీ లేదనుకొని తిరిగివచ్చారు. గోడను జరపలేకపోతే మలుపునే మార్చి వేగం తగ్గించవచ్చునన్న ఆలోచన అప్పట్లో కార్యరూపం దాల్చలేదు. 1995 నాటికి ఆ మలుపును వంకరలు పెట్టి మార్చారు. రాట్జెన్‌బర్గర్ మరణించిన మలుపునూ మార్చారు. ఆరేళ్ల ముందు జరగవలసిన పని రెండు ప్రాణాలు పోయిన తర్వాత జరిగింది.

1994 మే నెలలో మొనాకోలో డ్రైవర్లు సమావేశమై తమ సంఘాన్ని తిరిగి స్థాపించారు. ఆ పందెంలో మొదటి రెండు స్థానాలను ఖాళీగా విడిచి, అక్కడ నేలమీద బ్రెజిల్, ఆస్ట్రియా జెండాలను చిత్రించారు. డాక్టర్ వాట్కిన్స్ అధ్యక్షతన నిపుణుల సంఘం ఏర్పడింది. ప్రమాదాలను శాస్త్రీయంగా పరిశోధించడం మొదలైంది. 1995లో ఇంజన్ల పరిమాణం తగ్గించారు. 1996లో డ్రైవరు తలకు ఇరుపక్కలా ఎత్తయిన మెత్తని రక్షణ అమర్చారు. చక్రాలు ఊడి ఎగిరిపోకుండా గట్టి తాళ్లతో బంధించారు. 2003లో మెడను కాపాడే పట్టీ తప్పనిసరి అయింది. 2014లో జపాన్ పందెంలో గాయపడిన జూల్ బియాంకీ 2015లో మరణించేదాకా ఫార్ములా వన్ పందేలు మరో డ్రైవరును బలిగొనలేదు. 2018లో డ్రైవరు తల చుట్టూ టైటానియం లోహపు కమాను అమర్చారు. 2020లో బహ్రెయిన్‌లో రోమైన్ గ్రోజాన్ కారు కంచెను చీల్చుకొని రెండు ముక్కలై మండిపోయింది. ఆ కమాను తలను కాపాడగా గ్రోజాన్ మంటలలోనుంచి తనంతట తానే బయటికి వచ్చాడు. అతనికి చేతులు మాత్రం కాలాయి.

సెన్నా బతికి ఉన్నప్పుడు పేదపిల్లలకోసం ఎంతో ధనం గుప్తంగా దానం చేశాడు. వారికోసం ఏదైనా శాశ్వతమైన పని చేయాలని అక్క వివియాన్‌తో మాట్లాడాడు. తమ్ముని కోరిక నెరవేర్చడానికి ఆమె 1994 నవంబరులో అయర్టన్ సెన్నా సంస్థను నెలకొల్పింది. అది బ్రెజిల్‌లో బాలబాలికల విద్యకోసం పాటుపడుతూ వచ్చింది.

సెన్నా గెలిచిన పందేల లెక్కను తర్వాతి తరాలవారు దాటిపోయారు. కాని బాట మధ్యలో కారు ఆపి, తోటివాని తల పట్టుకొని నిలిచిన ఆ చేతులను ఎవరూ మరచిపోలేదు. వాహనం నడిపేవాడు తన ప్రాణానికే కాదు, ఎదుటివాని ప్రాణానికి కూడా బాధ్యుడు. బండి తయారుచేసినవాడు, బాట వేసినవాడు, నియమాలు చేసినవాడు కూడా అంతే బాధ్యులు. ప్రమాదం జరిగిన తర్వాత కన్నీరు కార్చడం సహజం. దాని కారణం వెతికి, మరొకరికి ఆ గతి పట్టకుండా చూడడమే పోయినవారికి నిజమైన నివాళి.

ప్రశ్నలు

1. వానలో ఓడిపోయిన తర్వాత సెన్నా ఏమి చేశాడు? దానివల్ల అతనికి కలిగిన మేలు ఏమిటి?
2. 1990 సుజుకా పందెంలో సెన్నా చేసిన పనిని, 1992లో స్పాలో చేసిన పనిని పోల్చి రాయండి.
3. తాంబురెల్లో మలుపు విషయంలో ముందే ఏమి చేసి ఉండవలసింది?
4. సెన్నా కారులో ఆస్ట్రియా జెండా ఎందుకు ఉన్నది?
5. మీ ఊరిలో ప్రమాదాలు తరచుగా జరిగే మలుపు గాని, కూడలి గాని ఉన్నదా? అక్కడ ఎవరెవరు ఏమేమి చేయాలో పది వాక్యాలలో రాయండి.